పాత ఇటాలియన్ స్పోర్ట్స్ కారు కొనేముందు ఎలా నడిపి చూడాలి

నా కారు 1969 నాటి ఆల్ఫా రోమియో జీటీ 1300 జూనియర్. పదకొండేళ్లుగా ఇటలీలోని తూరినో నగరంలో దాన్ని నడుపుతున్నాను. ఇంజను 1290 సీసీ, బలం 89 హార్స్‌పవర్. ఆగి ఉన్న చోటు నుంచి వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి పన్నెండు, పదమూడు సెకన్లు తీసుకుంటుంది. మా వీధిలో పిల్లల్ని బడికి దింపే కార్లలో చాలావాటికి దీనికంటే మంచి పికప్ ఉంది. అయినా ఆదివారం ఉదయం గ్యారేజీ తలుపు ఎత్తిన ప్రతిసారీ నా మనసు తేలికపడుతుంది.

పాత ఇటాలియన్ కారు కొనాలనుకునే మిత్రులు కారు చూడటానికి వెళ్తూ నన్ను కూడా రమ్మంటుంటారు. అలా ఇరవైకి పైగా కార్లు నడిపి చూశాను. హార్స్‌పవర్ చూసి కొన్నవాళ్లలో ఎక్కువమంది రెండేళ్లు తిరక్కుండానే అమ్మేశారు. చేతికి, చెవికి, నడుముకు నచ్చి కొన్నవాళ్ల దగ్గర కార్లు ఇంకా ఉన్నాయి. కాబట్టి ఆ నడిపి చూడటం ఎలాగో వివరంగా చెబుతాను. నాకు బాగా తెలిసిన కారు జూనియర్ గనుక ఉదాహరణలు ఎక్కువగా దాని నుంచే వస్తాయి.

ఒక్క మాట ముందే చెప్పాలి. ఇలాంటి కారులో కూర్చున్నప్పుడు మూడు విషయాలు కలగాపులగంగా మీదకు వస్తాయి. ఒకటి వేగం. రెండోది స్వభావం, అంటే ఆ కారును గీసిన ఇంజనీర్లు కోరి పెట్టిన తీరు. మూడోది అరుగుదల, అంటే యాభై ఏళ్ల వాడకం తెచ్చిన జబ్బు. అమ్మేవాళ్లు మూడోదాన్ని రెండోదిగా చెప్పడం మామూలు. "ఇటాలియన్ కార్లు ఇంతేనండీ, వీటి స్వభావమే అది" అన్న మాట వినగానే జాగ్రత్తపడండి. నేను మొదట బేరమాడిన కారు బ్రేకు తొక్కితే ఎడమకు లాగేది. అదీ స్వభావమే అన్నారు. వెనక ఒక బ్రేకు కాలిపర్ (డిస్కును పట్టి ఆపే భాగం) బిగుసుకుపోయి ఉందని తర్వాత వేరే మెకానిక్ చెప్పాడు.

ముందు అంకెలు పక్కన పెట్టాలి

ఇటలీలో చిన్న ఇంజన్లు అంత ముచ్చటగా తయారవడానికి పన్నులే పెద్ద కారణం. ఏటా కట్టే రోడ్డు పన్ను ఇంజను పరిమాణాన్ని బట్టి పెరిగేది. తర్వాతి కాలంలో రెండు లీటర్లు దాటిన కార్ల అమ్మకం మీద 38 శాతం పన్ను వేశారు. ఫెరారీ అంతటి సంస్థ కూడా 1975లో 1991 సీసీ ఎనిమిది సిలిండర్ల 208 జీటీ4ను ఇటలీ కొనుగోలుదారుల కోసం తయారుచేసింది. పరిమాణం పెంచే వీలు లేనప్పుడు ఇంజనీరు చేయగలిగింది ఒక్కటే: ఉన్న చిన్న ఇంజను ఊపిరి బాగా తీసుకునేలా, ఎక్కువ చుట్లు తిరిగేలా చేయడం. ఒరాట్సియో సత్తా పులీగా నాయకత్వంలో ఆల్ఫా బృందం అదే చేసింది. 1962లో వచ్చిన జూలియా సెడాన్ మీద ఆధారపడి, కారు బాడీలు గీసే బెర్తోనే సంస్థలో పనిచేస్తున్న యువ డిజైనర్ జుజారో గీసిన కూపే (రెండు తలుపుల కారు) 1963లో వచ్చింది. 1966లో దానికే 1300 ఇంజను పెట్టి జూనియర్ అన్నారు. అల్యూమినియం బ్లాకు, తల మీద వాల్వులు తెరిచే రెండు క్యామ్‌షాఫ్టులు, పెట్రోలును గాలితో కలిపే రెండు వెబర్ కార్బొరేటర్లు, అయిదు గేర్లు, నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులు. అన్నీ 1300 సీసీ కారులోనే, ఆ రోజుల్లోనే!

దీనివల్ల ఈనాడు మనకు దక్కే లాభం ఒకటుంది. ఇటలీలో ఊరి బయటి మామూలు రోడ్ల మీద పరిమితి 90 కిలోమీటర్లు. జూనియర్‌ను రెండో గేరులో నిమిషానికి 6000 చుట్ల దాకా తిప్పితే దాదాపు 80 దగ్గర ఉంటాను. అంటే యాక్సిలరేటర్ నేలకంటా తొక్కి, ఇంజను పూర్తి గొంతుతో పాడుతుండగా, మూడో గేరు వేసుకుని కూడా చట్టం లోపలే ఉండగలను. 3929 సీసీ, పన్నెండు సిలిండర్ల లంబోర్గిని మియురాలో రెండో గేరు చివరిదాకా వెళ్లారంటే ఆ 90 ఎప్పుడో వెనకబడిపోయి ఉంటుంది. అది గొప్ప కారే, కాదనను. కానీ మీరు నడిపే రోడ్ల మీద దాని సామర్థ్యంలో ఎంత వాడగలరు? కారు చూడటానికి వెళ్లేముందు ఈ లెక్క కాగితం మీద వేసుకోండి: మీకు అందుబాటులో ఉన్న రోడ్లు, వాటి పరిమితులు, ఆ కారు ఒక్కో గేరులో చేరే వేగం. సున్నా నుంచి వంద లెక్క కంటే ఇది చాలా పనికొస్తుంది.

ఇంజను చల్లగా ఉండగానే

అమ్మేవారికి ఫోను చేసినప్పుడే చెప్పండి, నేను వచ్చేదాకా ఇంజను స్టార్ట్ చేయవద్దని. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే, ఎందుకు వేడిచేశారో మర్యాదగానే అడగండి. జవాబు నచ్చకపోతే ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి. నేను రెండుసార్లు అలా వచ్చేశాను.

బానెట్ ఎత్తాక ఆయిల్ మూత విప్పి లోపలి వైపు చూడండి. మీగడలాంటి పసుపు పొర దట్టంగా ఉంటే, లేదా రేడియేటర్ నీళ్లలో ఆయిల్ తేలుతుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజను తలకూ బ్లాకుకూ మధ్య ఉండే సీలు) పోయినట్టు. ఈ ఆల్ఫా ఇంజన్లకు పాత బలహీనత అది. తర్వాత టార్చిలైటుతో కార్బొరేటర్లకూ ఇంజనుకూ మధ్య ఉన్న రబ్బరు భాగాలను చూడండి. అవి పగిలితే ఇంజను లెక్కకు మించి గాలి పీల్చుకుంటుంది. ఐడిలింగు, అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజను నిదానంగా తిరగడం, నిలవదు. తక్కువ చుట్లలో దగ్గుతుంది. "వెబర్లు అంతే, మొండివి" అంటారు. వెబర్లు మొండివి కావు. చక్కగా సరిచేసిన జంట వెబర్లు అన్నం పెట్టిన చెయ్యిని మరచిపోని జీవాల్లాంటివి.

ఇప్పుడు స్టార్ట్ చేయాలి. తాళం తిప్పేముందు యాక్సిలరేటర్‌ను రెండు మూడుసార్లు పూర్తిగా తొక్కి వదలండి. కార్బొరేటర్లు ఆ మేరకు పెట్రోలు చిమ్ముతాయి. అప్పుడు సెల్ఫ్ కొట్టండి. మొదటి నిమిషం కాస్త తడబడటం సహజం. ఆ నిమిషంలో ఇంజనును రేజ్ చేయవద్దు, అమ్మేవారినీ చేయనివ్వవద్దు. చల్లటి ఇంజనును బర్రుమనిపించి చూపించేవారు ఇన్నేళ్లూ దాన్ని ఎలా చూసుకుని ఉంటారో ఊహించుకోండి.

తలుపులు, కింది అంచులు తుప్పు పట్టాయేమో చూడటం గురించి ఒకే పరీక్ష చెబుతాను: కారు పక్కన జాక్ పెట్టి ఎత్తి, ఆ వైపు తలుపు తెరిచి మూయండి. అది ఒరుసుకుంటే కారు నడుము విరిగిందని అర్థం. అలాంటి బాడీతో ఏ మలుపూ సరిగ్గా మాట్లాడదు. మిగతా పరీక్షలు చేయనక్కర్లేదు.

ఆయిల్ వేడెక్కేదాకా చేతితో వినడం

నాకు డ్రైవింగ్ నేర్పింది నాన్నగారు, తెనాలిలో, ప్రీమియర్ పద్మిని మీద. ఆ పద్మిని ఫియట్ 1100 డి అన్న సంగతి, అంటే దాని పుట్టిల్లు ఈ తూరినోయే అన్న సంగతి అప్పట్లో నాకు తెలియదు. స్టీరింగు పక్కన గేరు కాడ ఉండేది. నాన్నగారు అంతకుముందు రైసుమిల్లు లారీ నడిపిన మనిషి. గేరు తగ్గించేటప్పుడు క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, క్లచ్ వదిలి యాక్సిలరేటర్‌ను చిన్నగా తట్టి, మళ్లీ క్లచ్ తొక్కి కింది గేరు వేసేవారు. "ముందు ఇంజనుకు కావలసింది ఇవ్వరా, తర్వాత గేరు అడుగు" అనేవారు. ముప్పై ఏళ్ల తర్వాత ఆల్ప్స్ కొండల కింద ఆ పాఠమే నాకు అక్కరకొచ్చింది.

ఎందుకంటే ఈ ఆల్ఫాల గేర్‌బాక్సులో రెండో గేరు సింక్రోమెష్ (గేర్ల వేగాలు కలిపి సాఫీగా పడేలా చేసే భాగం) అన్నిటికంటే ముందు అరుగుతుంది. నీటి వేడిని చూపే ముల్లు అయిదారు నిమిషాల్లో లేస్తుంది గాని, ఆయిల్ నిజంగా వేడెక్కడానికి పదిహేను నిమిషాలు పడుతుంది. గేర్‌బాక్సు ఆయిల్‌కు ఇంకా ఎక్కువ. అప్పటిదాకా రెండో గేరు బిగుసుగా, అయిష్టంగా పడుతుంది. అది స్వభావం. పాత ఫెరారీల్లోనూ అంతే. చల్లగా ఉన్నప్పుడు మొదటి గేరు నుంచి నేరుగా మూడుకు వెళ్లే యజమానులు ఎందరో ఉన్నారు. కానీ ఇరవై నిమిషాలు నడిపాక, 3000 చుట్ల దగ్గర మూడు నుంచి రెండుకు మామూలుగా, తొందర లేకుండా తగ్గించినప్పుడు గరగరమంటే అది అరుగుదల. గేర్‌బాక్సు విప్పించే ఖర్చు ధరలోంచి తగ్గించుకోవాలి. ఈ పరీక్షలో క్లచ్ రెండుసార్లు తొక్కవద్దు, ఆ నేర్పు జబ్బును కప్పిపెడుతుంది. పరీక్ష అయ్యాక మాత్రం నాన్నగారి పద్ధతిలో ఒకసారి గేరు తగ్గించి చూడండి. వాలుగా మీ వైపు వంగి ఉన్న ఆ గేరు కాడ వేళ్లతోనే జారిపోతుంది. ఆ ఒక్క కదలిక కోసం ఈ కారు కొన్నవాళ్లు ఉన్నారు. అందులో నేనొకడిని.

ఈ పదిహేను నిమిషాల్లో ఇంకో రెండు చూడండి. బయలుదేరేటప్పుడు సీటు కింద దడదడ వస్తే ఇంజను బలాన్ని వెనక చక్రాలకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు ముందున్న రబ్బరు కప్లింగు చిట్లి ఉంటుంది. ఆయిల్ ప్రెషర్ ముల్లు వేడెక్కాక ఐడిలింగులో 1 బార్ దరిదాపుల్లో, వేగం మీద 4 బార్ పరిసరాల్లో ఉండాలి.

కూర్చునే తీరు గురించి చాలామంది ఫిర్యాదు చేస్తారు: స్టీరింగు దూరం, పెడళ్లు దగ్గర. 1969 నాటి జూనియర్‌లో పెడళ్లు నేలలోంచి మొలుస్తాయి. మడమ ఎక్కడ పెట్టాలో మొదట తెలియదు. గంటసేపు నడిపాక కూడా నడుము నొప్పి పుడితే ఆ కారు మీది కాదు, ఎంత అందమైనదైనా సరే. ఇది మార్చుకోగలిగింది కాదు.

ఒకే మలుపు, నాలుగుసార్లు

అసలు పరీక్ష ఇది. హైవే మీద వేగంగా పోయి చూడటం వృథా. కార్లు లేని, చూపు బాగా సాగే, వెనక్కి తిరగడానికి చోటున్న ఒక మలుపు ఎంచుకోండి. నేను దక్షిణాన లాంగె కొండలకు వెళ్తాను. బరోలో చుట్టుపక్కల ద్రాక్షతోటల మధ్య రోడ్లు మన ఘాట్ రోడ్లంత ఇరుకు కాదు, కానీ మెలికలకు కొదవ లేదు. సూపెర్గా వైపు కొండ దారి ఇంటికి దగ్గరే గాని ఆదివారం సైకిళ్లతో నిండి ఉంటుంది.

మొదటిసారి ఆ మలుపును యాభైలో, మూడో గేరులో, యాక్సిలరేటర్‌ను కదపకుండా తిరగండి. స్టీరింగును వేలికొసలతో పట్టుకోండి. ఈ ఆల్ఫాల్లో ఉన్నది పళ్ల పట్టీతో తిప్పే ర్యాక్ స్టీరింగు కాదు, గేరు పెట్టెతో తిప్పే బాక్సు స్టీరింగు. కాబట్టి నేరుగా పోయేటప్పుడు నడిమధ్యన పిసరంత ప్లే (వదులు) ఉండటం తప్పు కాదు. కానీ మలుపులోకి దిగాక ప్లే పూర్తిగా పోయి, రిమ్ము మీద బరువు కూడుకుంటూ రావాలి. బరువు రాకుండా వదులుగానే ఉంటే బాక్సు గాని జాయింట్లు గాని అరిగాయి. మొదటి నుంచి చివరిదాకా ఒకే బరువుంటే ఎక్కడో బిగుసుకుంది.

రెండోసారి అదే యాభైలో, రెండో గేరులో, మలుపు మధ్య నుంచి మెల్లగా యాక్సిలరేటర్ ఇస్తూ తిరగండి. కారు ఒరుగుతుంది. ఆధునిక కార్లకు అలవాటుపడ్డవారు ఇక్కడే భయపడి "సస్పెన్షన్ పోయింది" అంటారు. ఒరగడం ఈ కారు భాష. ఎంత ఒరిగిందో దాన్ని బట్టి టైర్ల పట్టు ఇంకా ఎంత మిగిలిందో నడుముకు తెలుస్తుంది. చూడవలసింది ఎంత ఒరిగిందని కాదు, ఎలా ఒరిగిందని. ఒకే ఊపున ఒరిగి, అక్కడ కుదురుకుని నిలబడితే షాక్ అబ్సార్బర్లు బాగున్నాయి. ఒరిగి, మళ్లీ లేచి, మళ్లీ ఒరిగితే వాటి పని అయిపోయింది.

మూడోసారి మలుపు మధ్యలో యాక్సిలరేటర్‌ను కొద్దిగా వదలండి. ముక్కు కాస్త లోపలికి తిరగాలి, మెత్తగా. నాలుగోసారి, రోడ్డు మీద చిన్న ఎత్తుపల్లం ఉన్న చోట తిరగండి. వెనక ఉన్నది ఒకే కట్టె యాక్సిల్ గనుక అది ఒక్కసారి పక్కకు చిన్న అడుగు వేసినట్టు కదులుతుంది. అది స్వభావం. రెండు మూడు అడుగులు వేస్తే వెనక రబ్బరు బుష్‌లు పోయాయి. ఈ నాలుగింటిలోనూ వేగం యాభైని పెద్దగా దాటలేదు. కారు మీతో మాట్లాడేదైతే ఈపాటికే మాట్లాడి ఉంటుంది. యాభైలో మూగగా ఉన్న కారు నూటయాభైలో మాట్లాడినా మనకు ప్రయోజనం లేదు.

ఇదంతా చేసేముందు టైర్లు చూడటం మరవకండి. పక్కన అచ్చువేసిన నాలుగంకెల తేదీ ఉంటుంది. 2314 అంటే 2014లో ఇరవై మూడో వారం. పదేళ్లు దాటిన టైర్లకు గీతలు ఎంత లోతున్నా రబ్బరు రాయి అయిపోయి ఉంటుంది. నా కారుకు ఫ్యాక్టరీ ఇచ్చిన కొలత 155, పదిహేను అంగుళాల చక్రం. ఇంతకు ముందున్న యజమాని 195 వెడల్పు టైర్లు వేయించారు. చూపుకు దర్జాగా ఉండేది, పట్టూ పెరిగింది, కానీ స్టీరింగు చచ్చిపోయింది. మొదటి నెలలోనే సన్న టైర్లకు మార్చాను. కొత్త కారు కొన్నంత తేడా! మీరు చూసే కారుకు వెడల్పు టైర్లుంటే దాని స్వభావం గురించి తీర్పు చెప్పకండి; మీరు ఇంకా దాన్ని కలవలేదు.

ఇంజను గొంతు

నాలుగో గేరులో 2000 చుట్ల నుంచి యాక్సిలరేటర్‌ను మెల్లగా తొక్కుకుంటూ పోండి. 1300 ఇంజనుకు అక్కడ బలం ఉండదు, విసుక్కోవద్దు. కానీ సాఫీగా ఉండాలి. మిస్సింగ్, కార్బొరేటర్లలోంచి తుమ్ములు ఉండకూడదు. 4000 దాటాక గొంతు మారుతుంది. సైలెన్సర్ శబ్దం వెనక ఉండిపోయి, కార్బొరేటర్లు గాలి మింగే శబ్దం ముందుకొస్తుంది. 5000 నుంచి 6000 మధ్య ఇంజను తొక్కమని తానే అడుగుతున్నట్టు ఉంటుంది. అక్కడికి వెళ్లడానికి మీరు శ్రమపడాలి: గేరు సరిగ్గా ఎంచుకోవాలి, ఎక్కడానికి ముందే ఎత్తును చూసుకోవాలి, వేగాన్ని వృథాగా పోగొట్టుకోకూడదు. ఆ శ్రమే ఆనందం. నా లెక్కలో బలం తక్కువైన ఇంజను డ్రైవరుకు పని ఎక్కువ ఇస్తుంది, పని ఎక్కువైన చోటే నేర్పు పెరుగుతుంది.

జూనియర్ బాడీలో రెండు లీటర్ల ఇంజను పెట్టిన కార్లు చాలా కనిపిస్తాయి. బయటికి ఈ ఇంజన్లన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి బ్లాకు మీద కొట్టిన నంబరును పత్రాలతో సరిచూడండి. అవి వేగంగా పోతాయి, నడపడానికీ సులువు. కొండ ఎక్కేటప్పుడు ఏ గేరులో ఉన్నా పోతుంది. నాకు నచ్చనిది అదే. పైగా ఇటలీలో చారిత్రక వాహనంగా ధ్రువపత్రం కావాలంటే కారు అసలు రూపానికి దగ్గరగా ఉండాలి.

ఇదే పద్ధతి వేరే కార్లకూ వర్తిస్తుంది గాని, స్వభావం ఏదో, జబ్బు ఏదో ఒక్కో కారుకు మారుతుంది. 1980లో వచ్చిన ఆల్ఫా జీటీవీ6నే తీసుకోండి. జుజెప్పె బుస్సో గీసిన 2492 సీసీ వీ6, 160 హార్స్‌పవర్. అందులో క్లచ్, గేర్‌బాక్సు రెండూ వెనక యాక్సిల్ దగ్గరే ఉంటాయి, అందుకే ముందు వెనక బరువు సమంగా తూగుతుంది. కానీ ప్రొపెల్లర్ షాఫ్టు ఎప్పుడూ ఇంజను వేగంతోనే తిరుగుతుంటుంది, గేరు కాడకూ గేర్‌బాక్సుకూ మధ్య దూరం ఎక్కువ. కాబట్టి గేర్లు నిదానంగా, కాస్త అస్పష్టంగా పడతాయి. దాన్ని ఎవరూ బాగుచేయలేరు. నిదానమే దాని పద్ధతి. ఆ ఇంజను గొంతు ఒకసారి వింటే నిదానాన్ని క్షమించేస్తారు. లాంచియా ఫుల్వియా కూపే మరో తోవ: ముందు చక్రాలు లాగే కారు, ఇరుకు వీ4 ఇంజను, రెండు వరుసల సిలిండర్లకూ ఒకే తల. 1972 మోంటే కార్లో ర్యాలీలో సాండ్రో మునారి తనకంటే ఎంతో బలమైన కార్లను ఓడించింది ఫుల్వియాతోనే. దానిలో మూడో పరీక్ష చేసినప్పుడు ముక్కు ఆల్ఫా కంటే చురుగ్గా లోపలికి వస్తుంది. గాబరాపడకుండా మళ్లీ యాక్సిలరేటర్ ఇవ్వండి, అదే లాక్కుపోతుంది. తక్కువ డబ్బుతో సీట్ల వెనక ఇంజను ఉన్న కారు కావాలంటే 1972 నాటి నుంచి వచ్చిన ఫియట్ ఎక్స్1/9 ఉంది. మొదటి కార్లలో 75 హార్స్‌పవరే. ఒరగడం తక్కువ, స్టీరింగు తేలిక. కానీ తుప్పు విషయంలో జాక్ పరీక్ష కంటే ముందుకు వెళ్లాలి, కార్పెట్లన్నీ ఎత్తి చూడాలి.

చివరి అరగంట

తిరిగి వచ్చాక ఇంజను ఆపి, అమ్మేవారిని దగ్గరలోని కాఫీ బారుకు పిలవండి. పదిహేను, ఇరవై నిమిషాలు కూర్చోండి. ఈ సమయంలో కారును ఎవరు బాగుచేశారు, ఏ ఆయిల్ పోస్తారు, చలికాలంలో ఎన్నాళ్లకోసారి తీస్తారు అని అడగండి. ఏడాదంతా కప్పి ఉంచిన కారు కంటే వారం వారం తిరిగిన కారు మంచిది. ధర ఎత్తవద్దు.

తిరిగి వచ్చి మొదట కారు కింద నేల చూడండి, తర్వాత సెల్ఫ్ కొట్టండి. వేడి ఇంజను మీద కార్బొరేటర్లలో పెట్రోలు కొంత ఆవిరై ఉంటుంది. ఈసారి యాక్సిలరేటర్‌ను పదేపదే తొక్కవద్దు. సగం దాకా తొక్కి అలాగే పట్టుకుని తాళం తిప్పండి. నాలుగైదు సెకన్లు తిరిగి అందుకుంటే ఆరోగ్యంగా ఉన్నట్టే. బ్యాటరీ నీరసించేదాకా తిరిగినా అందుకోకపోతే, ఆ కారు ప్రతి పెట్రోలు బంకు దగ్గరా మిమ్మల్ని నిలబెడుతుంది. అందుకుందనుకోండి, ఐడిలింగు నిలబడేదాకా ఒక నిమిషం ఆగి, ఆయిల్ ప్రెషర్ ముల్లు మరోసారి చూసి, ఇంజను ఆపండి. ధర మాట అప్పుడు ఎత్తండి.